కీమో మాత్ర ఇంటికొచ్చాక: క్యాపెసిటబిన్ వేసుకునేవాళ్లకూ, పక్కనుండి చూసుకునేవాళ్లకూ

"ఇకనుంచి సెలైన్ ఎక్కించుకోనక్కర్లేదు, మాత్రలు రాస్తున్నాను, ఇంట్లోనే వేసుకోవచ్చు" అని ఓపీలో డాక్టరు అనగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం కుదుటపడుతుంది. విశాఖలోని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి గానీ కేజీహెచ్‌కి గానీ ఇచ్ఛాపురం నుంచో పాడేరు నుంచో చీకటితో బయల్దేరి వచ్చేవాళ్లకు ఆ మాట ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు. కానీ దాంతోపాటే ఒక బరువు కూడా ఇంటికొస్తుంది. ఆస్పత్రిలో మోతాదు లెక్కగట్టేది ఒకరు, మందు కలిపేది ఇంకొకరు, మంచం పక్కన చూసుకునేది నర్సు. ఇంట్లో ఆ ముగ్గురి పనీ రోగీ, అన్నం పెట్టే మనిషీ చెయ్యాలి. అందులో కష్టమైనది మాత్ర మింగడం కాదు, ఏ పూట ఆపాలో తెలుసుకోవడం.

క్యాపెసిటబిన్ పెద్దపేగు, జీర్ణాశయం, రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా వాడే మాత్ర. 1998లో అమెరికాలో అనుమతి పొందింది. ఇది కడుపులోకి వెళ్లాక కాలేయంలో కొంత, కణాల్లో కొంత మారుతూ చివరికి ఫ్లోరోయురాసిల్ అవుతుంది. ఏళ్ల తరబడి సెలైన్‌లో ఎక్కిస్తున్న కీమో మందు అదే. కాబట్టి మాత్ర అంటే చిన్న కీమో అనుకోవద్దు. మందు అదే, నోటి ద్వారా వెళ్తోందంతే.

మోతాదును ఎత్తూ బరువూ కలిపి లెక్కగట్టిన శరీర ఉపరితలాన్ని బట్టి వేస్తారు. ఆ మందు ఒక్కటే ఇస్తే సాధారణంగా చదరపు మీటరుకు 1250 మిల్లీగ్రాములు, ఆక్సాలిప్లాటిన్ సెలైన్‌తో కలిపితే 1000, రేడియేషన్‌తో కలిపితే 825. ఇది ఒక్కో పూటకు లెక్క, రోజుకు రెండు పూటలు. ఉదాహరణకు ఉపరితలం 1.6 చదరపు మీటర్లు ఉన్న మనిషికి 1000 చొప్పున 1600 వస్తుంది. దాన్ని 1500కి సర్ది, 500 మాత్రలు ఉదయం 3, రాత్రి 3 రాస్తారు. రోజుకు 6, పద్నాలుగు రోజులకు 84. మందుల షాపులో ఇచ్చిన స్ట్రిప్పులు ఈ లెక్కకు సరిపోయాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. ఈ మాత్ర 500లోనూ 150లోనూ దొరుకుతుంది. బ్రాండు మారినప్పుడు స్ట్రిప్పు మీద పేరు క్యాపెసిటబిన్ అనీ, పక్కన అంకె చీటీలో ఉన్నదేననీ రెండూ సరిచూసుకోవాలి. పక్కింటివాళ్లకు నాలుగు రాశారు, మనకు మూడే రాశారేమని కంగారు పడొద్దు. బరువు, కిడ్నీ పనితీరు, పక్కన ఏ మందు ఇస్తున్నారు అన్నవాటిని బట్టి అంకె మారుతుంది.

ఎక్కువగా వాడే పద్ధతిలో 14 రోజులు వేసుకోవాలి, 7 రోజులు ఆపాలి. ఇక్కడ జరిగే పొరపాట్లు అన్నీ ఇన్నీ కావు. సోమవారం పొద్దున మొదలుపెడితే రెండో ఆదివారం రాత్రితో ఆఖరు. మూడో వారమంతా ఖాళీ. ఈ మూడు వారాలూ కలిపి ఒక సైకిల్. ఆ పై సోమవారం మళ్లీ మొదలు, అదీ రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనన్నాకే. మధ్యలో రెండు పూటలు తప్పాయనుకోండి, స్ట్రిప్పులో మాత్రలు మిగులుతాయి. "డబ్బు పోసి కొన్నాం, వృథా ఎందుకు" అని ఖాళీ వారంలో వాటిని వేసుకోవడం ప్రమాదం. ఎముక మజ్జ, పేగుల పొర, నోటి పొర తిరిగి కోలుకునేది ఆ వారంలోనే. రేడియేషన్‌తో కలిపి ఇచ్చేటప్పుడు చాలాచోట్ల సోమవారం నుంచి శుక్రవారం దాకా, రేడియేషన్ ఉన్న రోజుల్లోనే వేసుకోమంటారు. కొందరికి తక్కువ మోతాదు రోజూ ఆపకుండా ఇస్తారు. మీకు రాసింది ఏ పద్ధతో ఓపీ దాటకముందే అడిగి, గోడ క్యాలెండరు మీద వేసుకోవాల్సిన రోజులకు ఎర్రగీత, ఖాళీ రోజులకు పచ్చగీత గీసుకోండి. వేసుకున్న ప్రతి పూటకూ ఒక టిక్కు. ఫోన్‌లో అలారం మంచిదే. అయితే అలారం మోగిందా అన్నది గుర్తుంటుంది, మాత్ర వేశామా అన్నది గుర్తుండదు. టిక్కు పెట్టేది అందుకే.

వేళ ఇలా: పొద్దున 8కి టిఫిను, 8.30 లోపు మాత్ర. రాత్రి 8కి భోజనం, 8.30 లోపు మాత్ర. తిన్న అరగంటలోపు, రెండు పూటల మధ్య సుమారు 12 గంటలు. రెండు ఇడ్లీలైనా చాలు, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. గ్లాసు నీళ్లతో మాత్రను అలాగే మింగాలి. కొరకడం, నలపడం, విరగ్గొట్టడం, నీళ్లలో కరిగించడం కూడదు. మింగడం కష్టమైతే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, రోట్లో వేసి నూరకూడదు. ఆ పొడి గాల్లోకి లేచి చుట్టూ ఉన్నవాళ్ల ఊపిరిలోకి పోతుంది.

ఒక పూట మర్చిపోతే ఆ పూట వదిలేయాలి. తర్వాతి పూట మామూలు మోతాదే, రెండింతలు వద్దు. మింగాక వాంతైపోతే మళ్లీ వేసుకోవద్దు, ఎందుకంటే ఎంత లోపల మిగిలిందో ఎవరికీ తెలియదు. పొరపాటున ఎక్కువ వేసుకుంటే మాత్రం ఒంట్లో బాగానే ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఈ మందు దెబ్బ కొన్ని రోజులు ఆగి కనబడుతుంది.

ఈ "తిన్నాక" నియమం క్యాపెసిటబిన్‌కు చెప్పినది. క్యాన్సర్ మాత్రలన్నిటికీ ఒకటే పద్ధతి అనుకోవద్దు. టెమోజోలమైడ్ క్యాప్సూల్ ఖాళీ కడుపుతో పడుకునే ముందు వేసుకోమంటారు. అబిరాటిరోన్ కూడా ఖాళీ కడుపుతోనే, అన్నంతో వేసుకుంటే రక్తంలో అది చాలా రెట్లు పెరుగుతుంది. ఇమాటినిబ్ భోజనంతో, పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. ఓపీ బెంచీ మీద పక్కన కూర్చున్నవారు ప్రేమతో చెప్పిన సలహా మీ మందుకు సరిపోకపోవచ్చు.

మందు పెట్టుకునే చోటు గురించి. విశాఖ ఉక్కపోతలో స్ట్రిప్పులోంచి ముందే తీసి డబ్బాలో పోసుకుంటే మాత్రలు చెమ్మ పీల్చుకుంటాయి. వేసుకునే క్షణం దాకా స్ట్రిప్పులోనే ఉంచండి. ఫ్రిజ్ అక్కర్లేదు. పొయ్యి గట్టు, బాత్రూమ్ అలమరా, ఎండలో ఆపిన కారు ఇవి వద్దు. బీపీ, షుగరు మాత్రలున్న డబ్బాలో కలపకుండా వేరే డబ్బాలో, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. పక్కనున్నవారు తీసి ఇవ్వాల్సి వస్తే చేతికి గ్లవ్స్ తొడుక్కోవాలి, లేదా మాత్రను స్ట్రిప్పులోంచి నేరుగా చిన్న గిన్నెలోకి నొక్కి ఇవ్వాలి. ఆ గిన్నె దీనికే ప్రత్యేకం. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఆమెకు అప్పగించొద్దు. మందు వేసుకునే రోజుల్లోనూ ఆపిన తర్వాత రెండు రోజులూ మూత్రం, మలం, వాంతిలో దాని అంశ ఉంటుంది. కమోడ్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి, లేదా బకెట్టుతో బాగా నీళ్లు కొట్టాలి. పాడైన దుప్పట్లు వేరుగా ఉతకాలి. ఇంతమాత్రాన రోగి కంచం వేరు చేయనక్కర్లేదు, మనవళ్లను దూరం పెట్టనక్కర్లేదు. ముట్టుకుంటే అంటుకునే రోగం కాదిది. ఈ జాగ్రత్తల పేరుతో మనిషిని వెలివేసినట్టు చూడటం చాలా బాధాకరం.

మొదలుపెట్టక ముందే డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందు వాడుతుంటే, క్యాపెసిటబిన్ దాని బలాన్ని పెంచి రక్తస్రావం తెస్తుంది. రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి. మూర్ఛకు ఫెనిటోయిన్ వాడుతుంటే అది రక్తంలో పెరిగి నడక తూలుతుంది, మాట తడబడుతుంది. యూరిక్ యాసిడ్‌కు వాడే అల్లోప్యురినాల్ కీమో మందు పనిని తగ్గించగలదు. ఇక ఎవరూ పట్టించుకోనిది ఫోలిక్ యాసిడ్. నీరసమని బలం టానిక్కు, రక్తం పట్టాలని ఐరన్ మాత్ర తెచ్చి ఇస్తారు, చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది ఈ మందు విషప్రభావాన్ని పెంచుతుంది. షాపులో అడిగి తెచ్చిన విటమిన్ అయినా, ఊళ్లో ఇచ్చిన పసరు అయినా డాక్టరుకు చూపించాకే వాడాలి.

కిడ్నీల సంగతి ఈ ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానం వైపు నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల నుంచి వచ్చేవాళ్లు క్యాన్సర్ ఓపీలో మొదటి మాటగా తమ ఊరి పేరు చెప్పండి. అక్కడ ఎక్కువగా కనబడే కిడ్నీ జబ్బు బయటికి ఏ లక్షణమూ లేకుండా ఉండిపోవచ్చు. ఈ మందు అవశేషాలు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీ రక్తాన్ని ఎంత వేగంగా శుభ్రం చేస్తోందో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 30 నుంచి 50 మధ్య ఉంటే మోతాదు మూడొంతులకు, అంటే 75 శాతానికి తగ్గిస్తారు. 30 కంటే తక్కువైతే ఈ మందు ఇవ్వరు. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా వయసు, బరువు కలిపి లెక్కగట్టిన క్లియరెన్స్ ఎంతో అడగండి. బక్కపలచని వృద్ధుల్లో క్రియాటినిన్ 1.2 ఉన్నా కిడ్నీ సగమే పనిచేస్తూ ఉండొచ్చు.

ఇప్పుడు అరచేతులు, అరికాళ్లు. ఈ మందుకు మారుపేరు లాంటి ఇబ్బంది ఇదే. మొదట చీమలు పాకినట్టు తిమ్మిరి, తర్వాత ఎరుపు, నలుపు, వాపు, మంట. ఆపై చర్మం పొరలుగా ఊడటం, పగుళ్లు, బొబ్బలు. డాక్టర్లు దీన్ని మూడు మెట్లుగా చూస్తారు. తిమ్మిరి, ఎరుపు ఉన్నా పనులు చేసుకోగలిగితే మొదటి మెట్టు. నొప్పి వచ్చి, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, చెప్పులేసుకుని నడవడం ఇబ్బందైతే రెండో మెట్టు. బొబ్బలు పగిలి, పుండ్లు పడి, పని చేసుకోలేకపోతే మూడో మెట్టు. రెండో మెట్టు ఎక్కగానే మాత్ర ఆపి ఆస్పత్రికి ఫోన్ చేయాలి. మూడు దాకా లాగొద్దు. రెండులో ఆపితే కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మూడులో ఆపితే వారాలు పట్టవచ్చు, తర్వాతి సైకిల్ కూడా వెనక్కిపోతుంది.

నివారణ మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, మంట వచ్చాక కాదు. యూరియా 10 శాతం ఉన్న క్రీము రోజుకు మూడుసార్లు, చేతులు కడిగిన ప్రతిసారీ ఇంకోసారి. రాత్రి రాసుకుని పలుచని నూలు సాక్సు వేసుకుంటే అరికాలికి బాగా పడుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 264 మంది మీద చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో, నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ 1 శాతం జెల్ రోజుకు రెండుసార్లు 12 వారాలు రాసినవాళ్లలో రెండో, మూడో మెట్టు ఇబ్బంది 3.8 శాతానికి వచ్చింది, మందు లేని ఉత్త జెల్ రాసినవాళ్లలో 15 శాతానికి. ఖరీదు లేని జెల్, మన దేశపు పరిశోధన. ఓపీలో దీని గురించి అడగండి. పగిలిన చర్మం మీద రాయకూడదు, కిడ్నీ జబ్బున్నవాళ్లు అడగకుండా అసలు మొదలుపెట్టకూడదు. బీ6 మాత్ర చాలామంది రాస్తారు గానీ, జాగ్రత్తగా చేసిన పరిశోధనల్లో దానివల్ల నివారణ పెద్దగా తేలలేదు.

వేడీ, ఒత్తిడీ, రాపిడీ ఈ మూడూ అరచేతికి శత్రువులు. వేణ్నీళ్ల స్నానం మాని గోరువెచ్చటి నీళ్లు. అంట్లు తోమడం, బట్టలు పిండటం, చపాతీ పిండి పిసకడం ఆ రెండు వారాలు ఇంకొకరికి అప్పగించాలి. రైతుబజారు నుంచి కూరగాయల ప్లాస్టిక్ కవరు వేళ్లకు తగిలించుకుని మోసుకురావడం కూడా ఒత్తిడే, భుజాన సంచీ వేసుకోండి. స్టీల్‌ప్లాంటు పనో, వడ్రంగమో, వల లాగే పనో చేసేవాళ్లు సుత్తి, స్పానరు, తాడు గట్టిగా పట్టే పని తగ్గించుకోవాలి. మధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుకలో ఒట్టికాళ్లతో నడవొద్దు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పుల్లేకుండా చేస్తారు. ఈ మందు మీద ఉన్న ఏడాది ఆ మొక్కు వాయిదా వేసుకోండి, స్వామి వచ్చే ఏడాదీ కొండమీదే ఉంటాడు. మెత్తటి అట్ట ఉన్న వదులు చెప్పులు వాడాలి. గోరింటాకు పెట్టుకుంటే ఎరుపు కనబడదు, మెట్టు ఏదో తెలియదు. కోన్‌లలో కలిపే రసాయనాలు మంట కూడా పెంచవచ్చు. రెండూ మానండి.

దీనివల్ల వేలిముద్రలు చెరిగిపోవచ్చు. రేషన్, పింఛను దగ్గర, ఆస్పత్రి పథకం కౌంటరు దగ్గర వేలు పడక తిప్పి పంపితే మనుషులు హడలిపోతారు. ఆధార్‌లో కంటిపాప, ముఖ గుర్తింపు, ఓటీపీ దారులున్నాయి. మందు మొదలుపెట్టకముందే ఆధార్‌కు ఫోన్ నంబరు జతైందో లేదో చూసుకోండి. ఫోన్‌కు వేలిముద్ర తాళం ఉంటే అంకెల తాళం కూడా పెట్టుకోండి. మందు ఆపాక చాలామందికి ముద్రలు తిరిగి వస్తాయి.

విరేచనాల విషయంలో లెక్క ముఖ్యం. మామూలుగా రోజుకు ఎన్నిసార్లో దానికంటే 4 సార్లు పెరిగినా, రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వచ్చినా మాత్ర ఆపేసి ఫోన్ చేయాలి. మలం కోసం పొట్టకు సంచి ఉన్నవాళ్లు ఎన్నిసార్లు ఖాళీ చేస్తున్నారో లెక్కపెట్టాలి. విరేచనాలు తగ్గించే లోపెరమైడ్ మాత్ర ముందే రాయించుకుని ఇంట్లో ఉంచుకోండి. సాధారణంగా మొదట 2 మిల్లీగ్రాములవి రెండు, తర్వాత నీళ్లలా అయిన ప్రతిసారీ ఒకటి, రోజుకు 8 మించకూడదు. జ్వరం గానీ, మలంలో రక్తం గానీ ఉంటే ఇది వేసుకోకూడదు, నేరుగా ఆస్పత్రికే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును పూర్తి లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు కాస్త కాస్త కలిపితే ఉప్పు, చక్కెర పాళ్లు తప్పుతాయి. షాపుల్లో అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పళ్లరసాలు దీనికి బదులు కావు, చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఉప్పేసిన గంజి, పలుచటి మజ్జిగ, మెత్తటి అన్నం, అరటిపండు మంచివి. పాలు, ఆవకాయ, మిరపకాయ బజ్జీలు వద్దు. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ నెమ్మదిస్తుంది, కిడ్నీ నెమ్మదిస్తే మందు ఒంట్లో పేరుకుంటుంది, పేరుకుంటే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. రెండు రోజుల్లో మనిషిని ఐసీయూ దాకా తీసుకెళ్లే చక్రం ఇదే.

చద్దన్నం, తరవాణి మామూలు రోజుల్లో మంచి తిండే. రాత్రంతా బయట పులిసిన అన్నంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి, తెల్లకణాలు తగ్గిన మనిషికి అవి చేటు. కోసి అమ్మే పండ్ల ముక్కలు, పానీపూరి కూడా అంతే. ఈ నెలలు వేడిగా వండినది వేడిగా తినాలి.

నోటిపూతకు 250 మిల్లీలీటర్ల నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. మెత్తటి బ్రష్ వాడాలి, ఘాటుగా మండే మౌత్‌వాష్‌లు వద్దు. వికారానికి రాసిన ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం చేస్తుంది, అది తెలియక కొందరు విరేచనం అయ్యే మందులు కూడా మొదలుపెడతారు. అడిగి చేయండి. రోజుకు ఒకసారి కంటే ఎక్కువ వాంతులైతే మాత్ర ఆపి చెప్పాలి.

జ్వరం 100.4 దాటితే, అది అర్ధరాత్రైనా, ఆస్పత్రికి బయల్దేరాలి. డిజిటల్ థర్మామీటరు తప్పకుండా ఉండాలి. పారాసిటమాల్ ముందే వేసేస్తే జ్వరం దిగి, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతున్న సంగతి దాగిపోతుంది. పాడేరు, అరకు వైపు వాళ్లు ఘాట్ దారిలో గంటల ప్రయాణం లెక్కేసుకుని, తెల్లారాక చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. చేరగానే "కీమో మాత్రలు వాడుతున్నారు" అన్నది మొదటి మాటగా చెప్పాలి, స్ట్రిప్పు చూపించాలి.

ఛాతీలో నొప్పి, బిగుతు వస్తే గ్యాస్ అనుకోవద్దు. ఈ మందు గుండె రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేయగలదు, గుండెజబ్బు ఎప్పుడూ లేనివాళ్లలో కూడా. ఆ మాత్రే ఆఖరు, వెంటనే ఈసీజీ తీయించాలి.

కొద్దిమందిలో పుట్టుకతోనే డీపీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ మందును విరిచేది ఆ ఎంజైమే. అది లేనివాళ్లకు మామూలు మోతాదు కూడా ప్రాణాంతకం కావచ్చు. తెలుసుకునే జన్యు పరీక్ష ఉంది, మొదలుపెట్టకముందే డాక్టరును అడగండి. చేయించలేకపోతే మొదటి సైకిల్ మొదటి రెండు వారాలను కళ్లలో వత్తులేసుకుని చూడాలి. తొలి రోజుల్లోనే నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు, జ్వరం కలిసి వస్తే ఒక్క పూట కూడా ఎదురుచూడొద్దు.

ఇంత చెప్పినా చాలామంది ఆపరు. ఆపితే గడ్డ పెరుగుతుందేమోనని భయం, డాక్టరు మోతాదు తగ్గిస్తారేమోనని భయం. అరచేతులు పగిలినా "బానే ఉంది" అంటారు, ముఖ్యంగా మన అమ్మలు. ఇబ్బంది వల్ల ఆపిన పూటలను మళ్లీ కలపరు, అది వైద్యంలో ముందే ఉన్న లెక్క. కోలుకున్నాక 75 శాతంతో మొదలుపెట్టడం, అవసరమైతే 50కి దించడం కూడా ఆ మందు నియమాల్లో రాసి ఉన్నదే. తగ్గించిన మోతాదుతో నాలుగైదు సైకిళ్లు పూర్తిచేయగలగడం, నిండు మోతాదుతో రెండో సైకిల్లో ఆస్పత్రి పాలవడం కంటే ఎంతో మేలు.

పిల్లల్ని కనే వయసువాళ్లు గర్భం రాకుండా జాగ్రత్త పడాలి: ఆఖరి మాత్ర తర్వాత ఆడవాళ్లు 6 నెలలు, మగవాళ్లు 3 నెలలు. పాలిచ్చే తల్లులు మందు వాడినన్నాళ్లూ, ఆపాక 2 వారాలూ బిడ్డకు పాలివ్వకూడదు. మిగిలిన మాత్రలు చెత్తబుట్టలోనో సింకులోనో పడేయకుండా ఆస్పత్రి ఫార్మసీకి తిరిగి ఇవ్వాలి. ఇంకొక రోగికి దానం చేయొద్దు, వాళ్ల లెక్క వేరు.

తర్వాతి సైకిల్‌కు వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి: టిక్కులు పెట్టిన క్యాలెండరు కాగితం, మిగిలిన మాత్రలు స్ట్రిప్పుతో సహా, రెండు రోజుల లోపు చేయించిన రక్తకణాలు, బిలిరుబిన్, క్రియాటినిన్ రిపోర్టులు, వాడుతున్న ఇతర మందులన్నీ. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 1500, ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువుంటే మామూలుగా సైకిల్ వాయిదా వేస్తారు. అరచేతులు బాగా ఎర్రబడిన రోజున పగటి వెలుతురులో ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఉంచండి. ఖాళీ వారం గడిచాక ఓపీకి వెళ్తే చేతులు మామూలుగా కనబడతాయి, పదకొండో రోజు ఎలా ఉన్నాయో ఆ ఫోటో చూపిస్తుంది.